చెయ్యి తగలకూడదు

హనుమక్క తన లోటా వేరు పెట్టుకుంది.

పొయ్యి పక్క గూట్లో అందరి సామాన్లతో పాటు ఉండవలసిన కంచు లోటా పెరటి వాకిట్లో, రోలు పక్కన బోర్లించి ఉంది. సరోజ పొద్దునే చూసి దాన్ని తెచ్చి గూట్లో పెట్టింది. నీళ్లు తోడుకుని వచ్చేసరికి అది మళ్లీ రోలు పక్కకు చేరింది. ఈసారి దానికి తోడుగా అత్త కంచం కూడా వచ్చింది.

"అత్తా, ఇవన్నీ ఈడ యాల పెట్టినావు?"

"ఉండనీలేమ్మా."

"కోళ్లు తిరుగుతాండాయి కదా."

"తిరగనీ. కడుక్కుని తింటా."

అంతే. ఆ పైన మాట లేదు. అత్తాకోడళ్లు గొంతులు లేపి పోట్లాడుకునే ఇంటికి ఏ భయమూ లేదు. పక్కింటికి వినిపిస్తుంది, నలుగురూ తీర్పు చెప్పడానికి వస్తారు, మాపటికి సద్దుమణుగుతుంది. మాట లేని కొట్లాటకు తీర్పరి దొరకడు.

సంగటి వడ్డించబోతే హనుమక్క కంచాన్ని తన వైపు జరుపుకుని, "రోంత పైనించి ఎయ్యి" అంది. చెయ్యి చెయ్యికి తగలకుండా సరోజ ముద్ద పైనుంచి వేసింది. అది దభీమని పప్పులో పడి అత్త చీర మీద చిట్లింది. ఇంకో రోజైతే ఇద్దరూ పడీ పడీ నవ్వేవాళ్లు. హనుమక్క కొంగుతో తుడుచుకుని తల వంచుకుని తినడం మొదలుపెట్టింది.

పాప పుస్తకాల సంచీ తగిలించుకుని అవ్వ ముందుకు వచ్చి వీపు తిప్పి నిలబడింది.

"అవ్వా, జడెయ్యి. బడికి యాళయ్యె."

"మీయమ్మనడుగు పో."

"అమ్మ బిగించి ఏస్తాది. నువ్వే ఎయ్యి."

హనుమక్క రెండు చేతులూ కొంగు కింద దాచుకుని గోడ వైపు తిరిగింది. పాప తల్లి వేసిన వంకర జడతో, ఆముదం తాగిన మొహంతో బడికి పోయింది.

ఆముదం మాట వచ్చింది కనుక దాని సంగతీ చెప్పాలి. ఈ ఇంట్లో ఆముదం అంగట్లో కొలిచి పోయించుకునే సరుకు కాదు. పెనుకొండలో హనుమక్క తమ్ముడు ఓబుళప్ప చేను గట్ల మీద కాసిన గింజలు వస్తాయి. వాటిని వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసి మళ్లీ కాచుకుంటుంది. ఆమె ఆముదం కాచిన నాడు వీధి వీధంతా ముక్కు మూసుకుంటుంది. ఆ జాడీ మూత తీసే హక్కు ఆమెకు తప్ప ఇంట్లో ఎవరికీ లేదు.

అలాంటి జాడీని నిన్న మాపటేళ తనే తెచ్చి దేవుడి దీపంలో పోసింది. గడప దీపంలో పోసింది. చివరికి కరెంటు బల్బు వెలుగుతున్న నడవలో కూడా ప్రమిద పెట్టి పోసింది.

"తలకు పెట్టేది దీపాలకు పోస్తాండావేమా?" అని కొడుకు అడిగాడు.

"ఇంగ తలకెవురికి పెట్టల్ల?" అంది హనుమక్క.

ఆ మాట విన్నప్పటి నుంచి సరోజకు కంటి మీద కునుకు లేదు. అత్తకు తెలిసిపోయింది. మొటిమలు చూపించుకున్న డాక్టరమ్మ ఆముదం మానమన్న సంగతి ఎవరో చెప్పేశారు. ఇంట్లో ఆ ఎవరో ఇంకెవరు, తన మొగుడే.

మొటిమ అనేది పదహారేళ్ల పిల్లకు వస్తే ఈడొచ్చిందంటారు, నవ్వుకుంటారు. ముప్పై దాటిన ఇల్లాలికి వస్తే ఏదో వచ్చిందంటారు. ఆ ఏదో ఏమిటో పేరు పెట్టరు. పేరు పెట్టని మాటే ఊళ్లో ఎక్కువ తిరుగుతుంది.

సరోజకు రెండేళ్లుగా ఇదే బాధ. నుదుటి నిండా చిన్న పొక్కులు, చెంపల మీద, గడ్డం కింద పెద్దవి. ఒకటి మానేలోగా రెండు లేచేవి. మానిన చోట నల్లమచ్చ మిగిలేది. నెల నెలా ఆ రోజులు దగ్గరపడితే మొహం ముట్టుకోనిచ్చేది కాదు. పక్కింటి ఆదెమ్మ జాజికాయ అరగదీసి పూయమంది. ఎదురింటావిడ వేపాకూ పసుపూ నూరి పట్టించమంది. బిందె పట్టుకుని నీళ్లకు వచ్చిన మొహమెరగని మనిషి కూడా ఆగి, పొద్దున లేస్తూనే ఎంగిలి పూసుకోమని చెప్పి పోయింది. మందు చెప్పకుండా పోతే పాపం చుట్టుకుంటుందన్నట్టు అందరూ చెప్పారు. సరోజ అన్నీ పూసింది. మొహం మాత్రం ఎవరి మాటా వినలేదు.

చివరికి రంగప్ప గారింట్లో పేరంటానికి పోయినప్పుడు, సరోజ గంధం గిన్నె పట్టుకుని ఒకావిడ మెడకు పూయబోతే ఆవిడ మెల్లగా వెనక్కి జరిగింది. "ఈడ పెట్టమ్మా, నేనే పూసుకుంటా" అంది, ఎంతో మర్యాదగా. వెనక ఎవరో పెద్దరోగం అన్న మాట గొణిగారు. సరోజ ఇంటికి వచ్చి చెంబెడు నీళ్లు తాగి ఏడ్చింది.

ఏమైందని హనుమక్క అడగలేదు. అడిగే పని లేదు. వెనక్కి జరిగే మెడలు ఎలా ఉంటాయో ఆమెకు ఏళ్ల తరబడి తెలుసు.

ఎందుకంటే హనుమక్క రెండు చేతులకూ మణికట్ల దాకా బొల్లి. కొడుకు తిమ్మరాజు పుట్టిన ఏడు వేలి కొసల్లో మొదలై పైకి పాకింది. అది అంటుకునే జబ్బు కాదని చెప్పేవాళ్లు ఆమె మెట్టిన ఊరు నల్లమాడలో అప్పుడూ ఉన్నారు. చెప్పడం వేరు, ఆ చేతిలోంచి తాంబూలం అందుకోవడం వేరు. పెళ్లికి పసుపు దంచేటప్పుడు ఆమె రోకలి పట్టుకుంటే, "నువ్వు కూచ్చో అక్కా, అలిసిపోయినావు" అని ఎవరో ఒకరు అందుకునేవాళ్లు. అలా ఏ పనీ చేయకుండానే హనుమక్క ముప్పై ఏళ్లు అలిసిపోయింది.

మొగుడు పోయిన తర్వాత, రెండేళ్ల కిందట, కొడుకు దగ్గరికి హిందూపురం వచ్చేసింది. వచ్చిన మాపటేళే సరోజ జడ విప్పుకుని ఆమె ముందు వీపు తిప్పి కూర్చుంది. "అత్తా, తలంతా ఒకటే దురద. రోంత నూనె పెడ్తావా?" అంది. హనుమక్క చెయ్యి గాలిలో చాలాసేపు ఆగిపోయింది. తర్వాత కోడలి నడినెత్తిన దిగింది.

సరోజ గొప్ప మనసుతో చేసిన పని కాదది. నిజంగానే తల దురద. కానీ చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్న పిల్ల. ఆ వేళ్లు జుట్టులో తిరుగుతుంటే కళ్లు మూతలు పడ్డాయి. ఆ రోజు నుంచి దీపాలు పెట్టాక నూనె గిన్నె వెచ్చబెట్టడం, కోడలి తల అత్త మోకాళ్ల మధ్య పెట్టుకోవడం ఆ ఇంటి వాడుకైంది. అత్తకు తన చేతులు మళ్లీ దొరికాయి. కోడలికి అమ్మ దొరికింది. మొటిమలు కూడా అప్పుడే మొదలయ్యాయి. ఆ రెండింటినీ కలిపి చూడాలని ఎవరికీ తోచలేదు.

డాక్టరమ్మకు తోచింది. ఆవిడ కన్నడావిడ, మాట సగం అటూ సగం ఇటూ. సరోజ మొహాన్ని వెలుతురుకు తిప్పి చూసి, నుదుటి మీద వేలు పెట్టి ఆ వేలిని చూసుకుంది.

"ఇది కుష్టు కాదమ్మా. వేడీ కాదు, ఎవరి కన్నూ కాదు. మొడవె, మొటిమలు, అంతే. పెద్దవాళ్లకూ వస్తుంది. ఎవరికీ అంటదు" అంది.

గంధకం కలిపిన మందు ఇచ్చింది. మొహం మెల్లగా కడుక్కోమంది, గట్టిగా తోమవద్దంది. వారాల్లో పోదు, నెలలు పడుతుంది, ఓపిక పట్టమంది. ఆ తర్వాత రెండు మాటలు గట్టిగా చెప్పింది. మొదటిది, "కై ముట్టిసబేడి." చెయ్యి తగలనీయవద్దు, గిల్లితే మచ్చ నిలిచిపోతుంది. రెండోది, తలకు ఆముదం మానెయ్యాలి. అది నుదుటి మీదికి దిగి చర్మంలోని సన్నటి రంధ్రాలు మూసేస్తోంది. తలగడ గుడ్డకు కూడా జిడ్డు పట్టి ఉంటుంది, ఉతుకుతూ ఉండు అంది.

మొదటి మాట సులువు. రెండోది గొంతులోనే ఆగిపోయింది. దారిలో మొగుడికి అంతా చెప్పి, "నూనె మాట మాత్రం మీయమ్మకు చెప్పొద్దు. నెమ్మదిగా నేనే చెప్తా" అంది. ఆ నెమ్మది రానే లేదు. మొన్నటి దాకా మాపటేళ తల పెడుతూనే ఉంది, తెల్లారి సీకాయతో రుద్దుకుంటూనే ఉంది.

ఇప్పుడింక దాచి లాభం లేదు. సరోజ పొయ్యి మీద ఎసరు దించి పెరట్లోకి వెళ్లింది. హనుమక్క ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడుస్తోంది.

"అత్తా, నీకి చెప్పల్లనే అనుకుంటాంటి. నోరు రాలే."

"నోరెట్ల వస్తాదమ్మా. నీ జాగాలో నేనుండినా చెప్పలేను."

ఆ గొంతులో కోపం లేదు. అందుకే సరోజకు ఇంకా ఏడుపొచ్చింది.

"డాక్టరమ్మ చెప్పిందంతా వేదమా?"

"సదువుకున్నామె ఊరికే చెప్తాదా? నాకే తెలుసుండల్ల. నీ మొగం పగిలిన మొదటి దినమే నేను మానుకోవల్ల. మతి ల్యాకపాయ."

"నువ్వు ప్రేమగా చేసిందే కదా అత్తా."

"ప్రేమ ఉంటే తగలకుండా పోతాదా?"

ఆ జవాబు సరోజకు సరిగా అతకలేదు. అయినా అత్త తిట్టలేదన్న తేలికదనంలో అది జారిపోయింది.

"మానేస్తే పోతాదంట. నెలలు పడ్తాదంట."

"పోవల్ల. కదిరి నరసిమ్మసామికి మొక్కుకుంటి." హనుమక్క చీపురు గోడకు ఆనించింది. "ప్యాసింజరుకు పెనుకొండకు పోతాండా. ఓబుళప్ప ఇంట్లో ఉంటా."

"ఇప్పుడేం పని ఆడ? ఎప్పుడొస్తావు?"

"నీ మొగం నున్నగైనంక."

"నా మొగానికీ నువ్వు పోయేదానికీ ఏం సంబంధం?"

"అది గూడా నా నోటితో చెప్పించుకుంటావామ్మా?" అని హనుమక్క ఇంట్లోకి వెళ్లిపోయింది. గడప దాటేటప్పుడు తలుపును చేత్తో తోయలేదు, మోచేత్తో తోసింది.

తిమ్మరాజు మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి సరోజ కంచం ముందే కాచుకుని ఉంది. అతను బెల్లం మండీలో గుమాస్తా. అచ్చు చూసి పాకం ఏ పొద్దున దించారో చెప్పగలడు. తల్లి మొహం చూసి మాత్రం ఏమీ చెప్పలేడు.

"మీయమ్మకు నూనె మాట చెప్పొద్దంటి కదా."

"చెప్పలే."

"చెప్పకనే ఊరికి మూట గట్టుకుందా?"

"చెప్పలేదంటే నమ్మవేం. నువ్వు వద్దంటివి, నేను గమ్మునుంటి." తిమ్మరాజు ముద్ద కలుపుతూ ఆగాడు. "డాక్టరమ్మ ఏం చెప్పె, ఏం చెప్పె అని మాయమ్మ ప్రాణం తీసె. ఏదో ఒకటి చెప్పల్ల కదా. చెయ్యి మాట చెప్తి."

"చెయ్యి మాటేంది?"

"అదే. మొగానికి చెయ్యి తగలగూడదంట, తగిల్తే మచ్చలు నిల్చిపోతాయంట అని. అంతే చెప్తి. నూనె అన్న మాటే ఎత్తలే."

తను తెలివిగా గట్టెక్కానన్న తృప్తి అతని మొహంలో కనిపించింది. సరోజ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. కంచం, లోటా, పైనుంచి వేసిన సంగటి, పాప జడ, మోచేత్తో తోసిన తలుపు, ఒక్కొక్కటే వచ్చి ఆమె ముందు నిలబడ్డాయి.

"ఎవురి చెయ్యి అని చెప్తివి?"

"చెయ్యంటే చెయ్యి. ఎవురి చెయ్యని చెప్పల్ల?"

"మీయమ్మకి చెయ్యి అంటే ఎవురి చెయ్యి గుర్తుకొస్తాది?"

తిమ్మరాజు ముద్ద నోటి దాకా తెచ్చి దించాడు. కొంచెం ఆలస్యంగానైనా తగిలింది. తగిలాక అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. పాపం, అమ్మ మనసు నొప్పించకూడదనే కదా అతను సగం చెప్పింది.

"నేను పోయి చెప్తా" అని లేచాడు.

"నువ్వు చెప్పిండేది సాల్లే. అన్నం తిను."

సరోజ నడవలోకి పోయి చూసింది. హనుమక్క పడుకునే మూల ఖాళీ. దుప్పటి మడత పెట్టి ఉంది. రోలు పక్కన లోటా లేదు. ఆముదం జాడీ కడిగి ఎండలో ఆరబెట్టి ఉంది. అత్త చెప్పకుండానే వెళ్లిపోయింది.  సరోజ చెప్పులు వేసుకునే ధ్యాస కూడా లేకుండా స్టేషను దారి పట్టింది.

ప్లాట్‌ఫారం మీద బెల్లం మూటలు, వాటి చుట్టూ ఈగలు. మూటలకు అవతల సిమెంటు బెంచీ కొసన హనుమక్క కూర్చుని ఉంది. ఒళ్లో చిన్న బట్టల మూట, చేతులు కొంగు కింద. బెంచీ మీద పక్కన బోలెడు చోటుంది. ఎవరూ వచ్చి కూర్చోకముందే కొసకు జరిగి కూర్చోవడం ఆమెకు అలవాటు.

"నువ్వేల వస్తివి ఎండలో? మొగం మండదా?"

"నీ చెయ్యి ఇట్లియ్యి."

"దూరంగా కూచ్చో."

"ఇయ్యి అత్తా."

హనుమక్క ఇవ్వలేదు. సరోజే కొంగు కింద చెయ్యి పెట్టి వెతికి ఆ చేతిని బయటికి తీసింది. వేళ్లు తెల్లగా, మణికట్టు దగ్గర చామనఛాయ. దాన్ని తన చెంపకు, పెద్ద మొటిమలున్న చోటే, గట్టిగా అదుముకుంది. నొప్పికి కళ్లు చెమర్చాయి. వదలలేదు.

"ఒద్దు తల్లీ, మచ్చలు పడ్తాయి. డాక్టరమ్మ ఒద్దనె."

"డాక్టరమ్మ ఒద్దన్నది నా చెయ్యి. ఇదో, ఈ చెయ్యి. కూచ్చున్న తావ గమ్మున కూచ్చోకుండా గోళ్లతో గిల్లుకుంటాంటా కదా, నువ్వే ఎన్నిసార్లు కొట్టినావు? అది గిల్లొద్దు, తగలనీయొద్దు అనె. నీ చేతులు ఆయమ్మ చూడను గూడా లేదు."

హనుమక్క నమ్మలేదు. నమ్మాలని ఎంతో ఉంది, అందుకే నమ్మలేదు.

"తిమ్మడు చెప్పె..."

"ఆయప్ప సగం చెప్పె."

"నిజమేనా?"

"కదిరి నరసిమ్మసామి మీద ఆన. ఇది అంటుకునే జబ్బే కాదంట. నీది నాకి అంటదు, నాది నీకి అంటదు."

చెంప మీద ఆ చెయ్యి మెల్లగా వదులైంది. తర్వాత దానికదే కదిలింది. వేలి కొసలు నుదుటి మీదికి పోయాయి, కణత మీదికి వచ్చాయి, గడ్డం కింద ఆగాయి. హనుమక్కకు ఏడుపొచ్చింది, ఏడుపులోనే నవ్వొచ్చింది.

"వాడు పుట్టినప్పట్నించి అంతే. ఏ పనైనా సగమే" అంది. "ఇదో, ఈ పొక్కు మానుతాండాదే. ఈడ కొత్తది లేస్తాంది. అయ్యో నా తల్లీ, ఎంత ఎర్రగుండాదో."

సరోజ అత్త భుజం మీద తల ఆనించింది. ఇంత సుఖంగా ఎప్పుడూ లేదనిపించింది.

"పద ఇంటికి" అని హనుమక్క మూట చంకన పెట్టుకుంది. "దీపాల్లో పోసేస్తి తిక్కదాన్ని. ఆదెమ్మకు రోంత ఇచ్చింటి, అడిగి తెస్తా. ఓబుళప్పకు చెప్పంపించి గింజలు తెప్పిస్తా. ఈ తూరి మెంతులేసి కాచి నడినెత్తిన దండిగా పెడ్తా సూడు. కాకంతా దిగి మొగం నీళ్ల మాదిరి సల్లగయితాది."

సరోజ లేవలేదు.

ఇప్పుడు ఊఁ అంటే చాలు. ఇద్దరూ నవ్వుకుంటూ ఇంటికి పోవచ్చు, మాపటికి తల ఆ మోకాళ్ల మధ్య పెట్టుకోవచ్చు. మొటిమలు ఉంటే ఉండనీ, ఎవరి మెడలు వెనక్కి జరిగితే ఏం? ఒక్క క్షణం ఆమెకు నిజంగానే అలా అనిపించింది. కానీ సగం మాట ఎంత పని చేస్తుందో పొద్దుట్నించీ చూస్తూనే ఉంది. రేపు ఇంకో నోటి నుంచి ఇంకో సగం అత్త చెవిన పడితే, ఆ చెయ్యి మళ్లీ కొంగు కిందికే పోతుంది. ఈసారి తను వెతికినా దొరకదు.

"అత్తా, ఇంగో సగం ఉండాది."

"ఏం సగం?"

"ఆముదం పెట్టగూడదంట."

హనుమక్క వినపడనట్టు చూసింది.

"తలకు పెట్టేది నుదుటి మీదికి దిగుతాదంట. దానికే ఈ మొటిమలు లేస్తాండాయంట. మానల్లంట. పొద్దున నేను చెప్తాండిందీ ఈ మాటే, నీకి ముందే తెలుసనుకుంటి."

దూరంగా రైలు కూత వినిపించింది. మూటల దగ్గర కూలీలు లేచి నడుముకు గుడ్డలు బిగించుకున్నారు.

"అంటే చెయ్యి మంచిదే" అంది హనుమక్క. "నూనె చెడ్డది."

"అంతే అత్తా."

"నేను కాచిన నూనె."

సరోజ తలూపింది.

"రెండేళ్ల నుంచి నేనే పెట్టిన్యా."

"నువ్వు తెలిసి చేసిందా ఏమన్నా?"

"తెలిసి చెయ్యలే. ఆ మాట కాదు." హనుమక్క తన చేతుల వైపు చూసుకుంది. దాచుకోలేదు, ఊరికే చూసుకుంది. "వంట నువ్వు చేస్తావు. నీళ్లు నువ్వే తోడుతావు. పసుపు దంచే దానికి నన్నెవురూ పిలవరు. ఈ చేతులకి ఆ ఒక్క పనే ఉండె. అది గూడా ల్యాకపోతే, ఆ ఇంట్లో నేనేం చెయ్యల్ల తల్లీ?"

ఊరికే కూర్చో, నీకేం తక్కువ అనే మాట సరోజ నాలుక చివరి దాకా వచ్చింది. నువ్వు కూచ్చో అక్కా, అలిసిపోయినావు అని నల్లమాడ ఆడవాళ్లు అన్నదీ అదే మాట. మింగేసింది. 

ప్యాసింజరు వచ్చి ఆగింది. పొగ, బొగ్గు వాసన, బొరుగులమ్మేవాళ్ల కేకలు. దిగేవాళ్లు దిగుతున్నారు. హనుమక్క మూటతో లేచి నిలబడింది. రైలు వైపు ఒకసారి చూసింది, ఊరి వైపు ఒకసారి చూసింది.

సరోజ కిందికి జారి, ఆ బొగ్గు మసి నేల మీదే, అత్త కాళ్ల ముందు వీపు తిప్పి కూర్చుంది. కొప్పు లాగి విప్పేసింది. పట్టపగలు, నలుగురిలో, ముత్తయిదువ జుట్టు విరబోసుకుని నేల మీద కూర్చుంటే చూడనివాళ్లెవరు? కూలీలు చూశారు. పెట్టె కిటికీలోంచి ఒకావిడ, "ఏమాయెనమ్మా ఆ యమ్మకి?" అని పక్కావిడను అడిగింది. పొక్కుల మొహం, మచ్చల మొహం, రెండేళ్లుగా నలుగురిలో దించుకు తిరిగిన మొహం, సరోజ ఎత్తి పెట్టుకునే కూర్చుంది.

"అత్తా, తలంతా ఒకటే దురద" అంది. "నూనె ఒద్దు. రోంత చెయ్యి పెట్టు."



గార్డు ఈల వేశాడు. రైలు తలుపులు దబదబా పడుతున్నాయి. సరోజ మెడ బిగబట్టుకుని ఎదుటి బెల్లం మూటల వైపే చూస్తోంది. నడినెత్తి మీద ఎండ తప్ప ఇంకేమీ తగలడం లేదు. తిరిగి చూస్తే తెలిసిపోతుంది. తిరిగి చూస్తే అడుక్కున్నట్టవుతుంది. ఆ చెయ్యి తనంతట తానే రావాలి, మొదటి రోజు వచ్చినట్టు.

వెనక మూటలో కంచు లోటా ఖంగుమంది. మూట కింద పెట్టినా అది మోగుతుంది, మూట ఎత్తుకుని రైలెక్కినా మోగుతుంది.

రైలు కదిలింది. సరోజ తల తిప్పకుండా అలాగే కూర్చుంది.